వెనక గుండీల చొక్కా

ఆ భవనంలో అడుగుపెట్టిన మొదటి రోజే ఆవిడ టైలరమ్మ అయిపోయింది. ఎవరూ పేరు అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మూడో అంతస్తులో పొడుగాటి హాలు, హాలు నిండా బల్లలు, బల్లకో కంపెనీ. అందరి ముందూ ల్యాప్‌టాప్‌లుంటే ఆవిడ ముందు కుట్టుమిషను ఉంది. అందరికీ ముప్పై అటూ ఇటూ అయితే ఆవిడకు యాభై నాలుగు. ఇంతకంటే వేరే పరిచయం అక్కర్లేకపోయింది.

అది ఒకప్పుడు పుస్తకాల గోదాము. గోడల మీద అరల నంబర్లు ఇంకా చెరిగిపోలేదు. సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టి నిలదొక్కుకుందామనుకునేవాళ్ళకు ఇప్పుడు అక్కడ చోటిస్తున్నారు. దరఖాస్తు నింపింది కూతురు. వేరే ఊళ్ళో ఉద్యోగం, చంటిపిల్లతో సతమతం; అయినా ఫోన్లో గంటసేపు పోరింది. "ఇంట్లో కూర్చుని కుడితే నీ చొక్కా సంగతి ఆ నాలుగు గోడలకే తెలుస్తుందమ్మా. అక్కడ నలుగురు మనుషులుంటారు. ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు నేర్చుకుంటారు."

నలుగురు మనుషులనే మాట దగ్గర ఆవిడ మెత్తబడింది. ఆయన పోయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఇంట్లో ఆవిడ చెవినపడ్డ గొంతు, కూతురి ఫోను తప్పిస్తే, రేడియోదే.

ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారు. కుడిపక్క పక్షవాతం వచ్చి, బొమ్మలు గీసే చెయ్యి ఒళ్ళో పడిపోయింది. మాట కూడా దెబ్బతింది. ఒక్క "సరే" మాత్రం స్పష్టంగా వచ్చేది. మూడేళ్ళు ఆవిడే పొద్దున ఒక చొక్కా, సాయంత్రం ఒక చొక్కా తొడిగింది. బిగుసుకుపోయిన చేతిని మామూలు చొక్కాలోకి దూర్చడమంటే ఆయనకు నొప్పి, ఆవిడకు నరకం. అందుకని ఒక చొక్కా కనిపెట్టింది. ముందు నుంచి చూస్తే మామూలు చొక్కాయే. కాలరు, జేబు, గుండీలు అన్నీ ఉంటాయి. ఆ గుండీలు ఉత్తుత్తివి. చొక్కా తెరుచుకునేది వెనక. ముందు నుంచి రెండు చేతులూ దూర్చేసి, వెనక రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి వేసి, భుజం దగ్గర నాలుగు టిచ్ గుండీలు నొక్కితే అయిపోయె. నిమిషంలో పని. ఆ చొక్కా చూసి ఫిజియోథెరపీ ఆయన, "అమ్మా, ఇలాంటివి ఎంతమందికి కావాలో!" అన్నాడు. ఆ ఒక్కమాట ఆవిడ మనసులో నాటుకుపోయింది.

అలా వచ్చింది అక్కడికి. మనుషులైతే ఉన్నారు. కానీ వాళ్ళు మాట్లాడుకునేది తెలుగే అయినా సగం మాటలు ఆవిడకు తలకెక్కేవి కావు. వాళ్ళు పొగరుబోతులేం కాదు. ఎదురుపడితే నవ్వేవాళ్ళు. దారం రీళ్ళ పెట్టె మోసిపెట్టేవాళ్ళు. ఆ తరువాత చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరి బల్లకు వాళ్ళు అతుక్కుపోయేవాళ్ళు. మధ్యాహ్నం ఆవిడ తన డబ్బా విప్పుకుని కిటికీ వైపు తిరిగి తినేది. ఇంట్లో ఒంటరిగా తింటే ఎవరూ లేరు కదా అని సర్దుకోవచ్చు. ఇంతమందిలో ఒక్కతే తినడం అలవాటు చేసుకోవడం మాత్రం కష్టమైంది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి మేనేజరు అందర్నీ టీ గదిలోకి పిలిచేవాడు. బక్కపలచటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే. "గొప్పలు వద్దు. ఈ వారం బొప్పి ఎక్కడ కట్టిందో చెప్పండి. మీ బొప్పి చూసి పక్కవాడు ఆ గుమ్మం దగ్గర తల వంచుకుని వెళ్తాడు."

నిజంగానే చెప్పుకునేవాళ్ళు. ఒకడు తగని మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నానన్నాడు. ఒకమ్మాయి ఆర్నెల్లు కష్టపడి చేసింది ఎవరికీ అక్కర్లేదని తేలిందని చెప్పి, నవ్వబోయి ఏడ్చింది. అందరూ తలో మాటా అన్నారు. తన వంతు వచ్చేసరికి టైలరమ్మ గ్లాసు వైపు చూస్తూ, "అంతా బాగానే ఉంది బాబూ" అనేది. ఎనిమిది వారాలు ఎనిమిదిసార్లూ అదే మాట.

తొమ్మిదో వారం డబ్బాల అన్నదమ్ములు ఆవిడ బల్ల దగ్గరికొచ్చారు. వాళ్ళది మడతపెట్టే డబ్బాల కంపెనీ. గాజుసామాను పగలకుండా పంపడానికి ఖరీదైన గట్టి అట్టతో చేస్తారు. కోసిన ప్రతి అట్టా ఎక్కడో ఒకచోట కురచో పొడుగో అయి చెత్తబుట్టలో పడుతోంది. పెద్దవాడు తమ్ముణ్ణి తిడుతుంటే ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"నేరుగా అసలు అట్ట మీదే కోస్తున్నారా బాబూ?"

"మరి దేని మీద కొయ్యాలమ్మా?"

ఆవిడ బల్ల కింద నుంచి పాత దుప్పటితో కుట్టిన ఒక చొక్కా తీసింది. చంకల్లో సుద్ద గీతలు, మెడ దగ్గర పిన్నులు, ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. "కొత్త చొక్కా ఏదైనా ముందు ఇలా పాత గుడ్డ మీద కత్తిరిస్తాం. తప్పులన్నీ దీని మీదే చేసేసుకుంటాం. గీస్తాం, విప్పుతాం, మళ్ళీ కుడతాం. దీని దగ్గర సిగ్గేముంది? ఇది సరిపోయాకే మంచి గుడ్డకు కత్తెర పెట్టడం."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ బుధవారం పెద్దవాడు టీ గదిలో నిలబడి, వారమంతా పాత న్యూస్‌పేపర్ల మీదే కోశామనీ, చెత్తబుట్టలో ఒక్క అట్ట ముక్క కూడా పడలేదనీ, "ఇది టైలరమ్మ నేర్పిన విద్య" అనీ చెప్పాడు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడకు చెవులు వేడెక్కాయి.

ఆ తరువాత ఆవిడ బల్ల దగ్గరికి ఒకరొకరుగా రావడం మొదలైంది. సగంమంది ఊడిన గుండీలు పట్టుకునే వచ్చారనుకోండి, అయినా వచ్చారు. గుండెజబ్బులవాళ్ళ కోసం ఏదో పరికరం తయారుచేసే అమ్మాయి ఒకరోజు ప్యాంటు అంచు మడత పెట్టించుకుంటూ, బల్ల మీద ఉన్న అయస్కాంతం గుండీలు చూసి ఉలిక్కిపడింది. "ఆంటీ, గుండెలో మిషను పెట్టించుకున్నవాళ్ళకు ఇవి దగ్గరగా ఉండకూడదు. అసలు పెట్టకండి." టిచ్ గుండీలకు బదులు అవి పెడదామని ఆవిడ అప్పుడే తెప్పించింది. ఆ పూటే కట్టకట్టి పక్కన పడేసింది. ప్యాంటు అంచుకూ ప్రాణానికీ చెల్లుకు చెల్లని ఆ పిల్ల నవ్వింది.

ఇంత జరుగుతున్నా ఆవిడ చొక్కా మాత్రం కదల్లేదు. నలభై కుట్టింది. ఫిజియోథెరపీ ఆయన ఆరు తీసుకెళ్ళి ఆరుగురికిచ్చాడు. అందరూ "బాగుంది" అన్నారట. ఇంకోటి కావాలని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆవిడ గుడ్డ మార్చింది, రంగు మార్చింది. మళ్ళీ "బాగుంది". ఆ మాట వింటేనే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఎదుటి బల్ల అమ్మాయిని అందరూ గడియారం అంటారు. ఎప్పుడూ మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. ఆస్పత్రిలో వరసలో కూర్చున్నవాళ్ళకు వాళ్ళ వంతు ఎప్పుడొస్తుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేరు తనది. కంపెనీ అంతా తనొక్కతే. ముక్కుసూటి మనిషి, మాటలు లెక్కపెట్టుకుని వాడుతుంది. తినడం కూడా నిలబడే తింటుంది. ఒక మధ్యాహ్నం, టైలరమ్మ వెనక్కొచ్చిన చొక్కాల మూట విప్పుతుంటే, చేతిలో రొట్టె ముక్కతోనే వచ్చి అడిగింది.

"వాళ్ళు వేసుకుంటుంటే మీరు చూశారా?"

"మూడేళ్ళు చూశాను తల్లీ. రోజుకు రెండుసార్లు."

"మీ ఆయన సంగతి కాదు. వేరేవాళ్ళు."

"చూడ్డానికేముంది? చొక్కా చొక్కాయే కదా."

"చూడలేదన్నమాట" అని వెళ్ళిపోయింది.

టైలరమ్మకు కోపం ముంచుకొచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల! పక్షవాతం మనిషికి నీళ్ళుపోసి ఎరుగుదువా? పక్కబట్టలు మార్చి ఎరుగుదువా? ఇలా లోపల లోపలే దులిపేసింది. మర్నాడు గడియారం మళ్ళీ వచ్చింది.

"ఫిజియోథెరపీ ఆయన్ని అడిగాను. ఒక బస్సు డ్రైవరుగారున్నారట, ఎడమపక్క పడిపోయింది. రమ్మన్నారు. శుక్రవారం పదింటికి. వస్తారా?"

ఎందుకొచ్చిన గొడవని ఆవిడ వద్దనబోయింది. కానీ ఇంకొకరితో కలిసి ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చింది. "సరే" అంది.

దారిలో బస్సులో గడియారం నియమాలు చెప్పింది. "నోరు తెరవొద్దు. చెయ్యి కదపొద్దు, ఎంత కష్టమైనా సరే. ఆయనేం చేస్తే అది రాయండి. మీకేమనిపించిందో తర్వాత."

"నీకెవరు నేర్పారు ఇదంతా?"

"మన హాల్లోనే ఒకాయన ఉండేవాడు, చక్రాల కుర్చీలు చేసేవాడు. నేను ఆస్పత్రికి వెళ్ళి రోగుల్ని ప్రశ్నలడిగి వచ్చేదాన్ని. వాళ్ళు నా మొహం చూసి నాకు నచ్చే జవాబు చెప్పేవాళ్ళు. ఆయన నన్ను తీసుకెళ్ళి రెండు రోజులు ఆ బెంచీ మీద నోరు మూయించి కూర్చోబెట్టాడు. అప్పుడు తెలిసింది, వంతు ఎప్పుడొస్తుందా అని కాదు వాళ్ళ బెంగ. బాత్‌రూముకు వెళ్ళొచ్చేలోపు వంతు పోతుందేమోనని."

"ఆయనేడీ ఇప్పుడు?"

"మూసేశాడు. నేనొచ్చిన ఏడాదే."

డ్రైవరుది కింది వాటా, ఒకటే గది. అరవై దాటిన మనిషి, గుండ్రటి భుజాలు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆదివారాలు మేనకోడలు వచ్చి చూసిపోతుందట. గదంతా శుభ్రంగా ఉంది, అన్నీ నడుమెత్తు అరలో, కుడిచేతికి అందేటట్టు. ఆయన బనియనుతో ఉన్నాడు. "చొక్కా వేసుకుని కూర్చుందామనుకున్నానమ్మా, మీరు తెచ్చేదే చొక్కా కదా అని ఊరుకున్నాను" అని నవ్వాడు.

గడియారం స్టాప్‌వాచ్ నొక్కింది.

మొదట ఆయన చొక్కాను బల్ల మీద పరిచి అటూ ఇటూ తిప్పాడు. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి తెచ్చి, చొక్కా చేతిలోకి దూర్చాడు. వేళ్ళు చంక దగ్గర కుట్టుకు తట్టుకుని ఆగిపోయాయి. లాగాడు. చొక్కా జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. రెండోసారి చెయ్యి దూరింది, ఆ తరువాత కుడిచెయ్యి కూడా. చొక్కా ఇప్పుడు ఛాతీ మీద వేలాడుతోంది, వీపంతా ఖాళీ. కుడిచేతిని మెడ మీదుగా వెనక్కు పోనిచ్చి అంచు వెతుక్కున్నాడు. దొరికింది. టిచ్ గుండీ ఎడమ భుజం వెనక ఉంది. చెయ్యి అంతదూరం పోదు. కాసేపు ఆలోచించి, లేచి, అంచును భుజం మీద ఎలాగో నిలిపి, గోడకు వీపు ఆనించి గట్టిగా నొక్కాడు. అంచు జారిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

టైలరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నాలుక చివరిదాకా వచ్చింది "ఉండండి, నేను పెడతాను" అని. ఎవరికీ చెప్పలేని భయమేదో ఆ మాటను అక్కడే ఆపేసింది.

పదకొండు నిమిషాలకు ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"చొక్కా బాగుందమ్మా" అన్నాడు. గడియారం ఇంకా రాసుకుంటూనే ఉంది. కాసేపటికి ఆయనే మళ్ళీ, ఈసారి నేల చూస్తూ, అన్నాడు. "కానీ ఇది వేసుకోవాలంటే ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఇంకో మనిషే ఉంటే నాకు ఏ చొక్కా అయితేనేం?"

తిరుగు బస్సులో టైలరమ్మ హాలుకు వెళ్ళకుండా మధ్యలోనే దిగి ఇంటికెళ్ళింది.

ఇంట్లో ఆయన పడగ్గది కుర్చీ ఎదురుగా కూర్చుంది. మూడేళ్ళు ఆ కుర్చీలోనే ఆయనకు చొక్కా తొడిగింది. పనికొచ్చే ఎడమచెయ్యి ఆయనకు ఉండేది. ఆ చెయ్యి పైకి లేచేది కూడా. మొదట్లో ప్రతి పొద్దునా లేచేది. ఆవిడ గుండీ పెడుతుంటే వేళ్ళు మెల్లగా వచ్చి ఆ గుండీని తడిమేవి. ఆవిడకు పొయ్యి మీద పాలు, తలలో వంద పనులు. ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టేది. కసురుకుని కాదు, ప్రేమగానే. "ఉండండి, నేను పెడతాను."

"సరే" అనేవాడు.

కొన్నాళ్ళకు ఆ చెయ్యి లేవడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆవిడకు గుర్తులేదు. నెమ్మదించాడు, మాట వింటున్నాడు అని అప్పట్లో సంతోషించింది కూడా. ఆ తరువాతే కదా వెనక గుండీల చొక్కా కుట్టింది! ఎంత సులువుగా తయారైందో ఆ చొక్కా. ఆయన చేతులు రెండూ అక్కర్లేని చొక్కా.

వారం రోజులు ఆవిడ హాలు మొహం చూడలేదు. కూతురు ఫోను చేస్తే జలుబంది. ఎనిమిదో రోజు పదకొండింటికి తలుపు చప్పుడైంది. చూస్తే గడియారం. మెడలో స్టాప్‌వాచ్ లేదు, చేతిలో పళ్ళ సంచీ ఉంది. రోగిష్టి మనిషిని చూడ్డానికి వచ్చినట్టు గుమ్మంలో ఇబ్బందిగా నిలబడింది.

"మిమ్మల్ని బాధపెట్టాలని తీసుకెళ్ళలేదు" అంది.

"తెలుసు తల్లీ. లోపలికి రా."

టీ పెట్టింది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. టైలరమ్మ తనంతట తానే ఆ చెయ్యి సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూనే ఉంది. గడియారం "అయ్యో" అనలేదు, "మీ తప్పేముంది" అనీ అనలేదు. విన్నది. చివర్న మాత్రం, "మరి ఆయన ఎడమచేత్తో ఏమేం చెయ్యగలిగేవారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆవిడను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జవాబు కోసం వెతికితే చాలా దొరికాయి. చెంచా పట్టుకునేవాడు. రేడియో తిప్పేవాడు. ఒకసారి చెప్పకుండా పెన్సిలు తీసుకుని పేపరు మూల మీద పిచ్చుక బొమ్మ గీశాడు, వంకరటింకరగా.

గడియారం వెళ్ళాక ఆవిడ ఒక గుడ్డ పట్టీతో తన ఎడమచేతిని నడుముకు కట్టేసుకుంది. ఆయన పాత చొక్కా ఒకటి తీసి, కుడిచేత్తోనే తొడుక్కోవడానికి కూర్చుంది. ఇరవై నిమిషాలు పట్టింది, రెండుసార్లు ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దునే హాలుకు వెళ్ళి పాత దుప్పటికి కత్తెర పెట్టింది.

ఈసారి చొక్కా ముందే తెరుచుకుంది. చచ్చుబడిన చేతివైపు చంక నాలుగు వేళ్ళు వెడల్పు చేసింది. లోపల కుట్టు వేళ్ళకు తట్టకుండా బయటికి మడిచింది. రెండోసారి డ్రైవరు దగ్గరకు ఒక్కతే వెళ్ళింది. తొమ్మిది నిమిషాలు. ఆ రోజే ఆయన దగ్గర ఒక విద్య పట్టుకుంది. చొక్కాను ఒళ్ళో బోర్లించి, కాలరు మోకాళ్ళ వైపు ఉండేటట్టు పరుచుకుంటే చెయ్యి దూర్చడం తేలిక. అది ఎవరూ నేర్పింది కాదు, ఆయనే బనియన్లతో కుస్తీ పట్టి కనిపెట్టుకున్నాడు. కానీ అలా పరిచినప్పుడు ఏ చెయ్యి ఏదో తెలియక తికమకపడుతున్నాడు. ఆవిడ ఎడమచేతి లోపలివైపు ఎర్ర గుడ్డ వేసింది. ముంజేతి దగ్గర వేలు దూర్చి లాగడానికి ఒక పట్టీ కుట్టింది. గుండీలు పెద్దవి చేసి, కాజాలు అడ్డంగా కోసి, గుండీల పట్టీలో గట్టి గుడ్డ పెట్టింది, ఒక చేత్తో తోస్తే ముడుచుకుపోకుండా. ఆ గట్టి గుడ్డ ఎంత మందం ఉండాలో చెప్పింది డబ్బాల అన్నదమ్ముల్లో చిన్నవాడు. మడతపడే చోట ఎంత బిరుసు ఉండాలనేది వాడికి కొట్టిన పిండి.

మూడోసారి ఆరున్నర నిమిషాలు. నాలుగోసారి మూడు నిమిషాల యాభై. పై గుండీ కాజాలో పడ్డప్పుడు డ్రైవరు చొక్కా ముందుభాగం ఒకసారి అరచేత్తో నిమురుకుని, అద్దం దగ్గరికెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ పుస్తకంలో రాయాల్సింది మరిచిపోయింది.

ఈ కబురు గడియారానికి చెబుదామని పరుగులాంటి నడకతో హాలుకు వచ్చేసరికి ఎదుటి బల్ల సగం ఖాళీగా ఉంది. అట్టపెట్టెలో వైర్లు సర్దుతోంది ఆ పిల్ల.

"మూసేస్తున్నానమ్మా. ఆస్పత్రివాళ్ళు పెద్ద కంపెనీది తీసుకున్నారు. నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఊళ్ళో."

"ఎప్పుడు వచ్చింది?"

"పది రోజులైంది. మీ ఇంటికొచ్చిన రోజే."

ఆ రోజు టైలరమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన గోడంతా వెళ్ళబోసుకుంది గానీ, నువ్వెలా ఉన్నావని ఒక్కమాట అడగలేదు. పళ్ళ సంచీతో ఇబ్బందిగా నిలబడ్డ ఆ మొహం ఇప్పుడు అర్థమైంది. "ఒక్కమాట చెప్పకూడదా తల్లీ?"

"మీరు చెబుతున్నారు కదా. మధ్యలో ఎందుకని."

ఆ బుధవారం టీ గదిలో గడియారానికి వీడ్కోలు. మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఏమైనా చెప్పమంటే తను "చెప్పాల్సిందంతా ఎవరికో ఒకళ్ళకు చెప్పేశాను" అని ఊరుకుంది. అప్పుడు ఎవరూ అడక్కుండానే టైలరమ్మ లేచి నిలబడింది.

"నా బొప్పి చెబుతాను" అంది.

డ్రైవరు గోడకు వీపు ఆనించి నొక్కుకున్న సంగతి చెప్పింది. భర్త చెయ్యి లేచిన సంగతి, తను దించిన సంగతి చెప్పింది. "నేను తొడిగేవాళ్ళ చొక్కా కుట్టాను. తొడుక్కునేవాళ్ళ చొక్కా అనుకున్నాను. ఈ పిల్ల తీసుకెళ్ళి కూర్చోబెట్టకపోతే ఈ జన్మకు తెలిసేది కాదు. ఈ పిల్లకు ఎవరో కుర్చీల ఆయన నేర్పాడట. ఆయన్ని నేను చూడను కూడా లేదు."

గుండె పరికరం అమ్మాయి మెల్లగా అడిగింది. "చెయ్యి దించినప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదాంటీ?"

టైలరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మొహం చూడలేదమ్మా. గుండీ చూసేదాన్ని."

డబ్బాల అన్నదమ్ముల్లో పెద్దవాడు లేచి ఆవిడకు కుర్చీ జరిపాడు.

శనివారం గడియారం వెళ్ళిపోయింది. బస్టాండుకు టైలరమ్మ ఒక్కతే వెళ్ళింది. బస్సు కదిలేముందు ఆ పిల్ల కిటికీలోంచి, "మీ కొత్త చొక్కాను కుడిపక్క పడిపోయినవాళ్ళ మీద కూడా చూడండి. వాళ్ళకు వేరేగా ఉంటుంది" అంది. వీడ్కోలు మాట కూడా పని మాటే. మొదట్లో వారానికోసారి ఫోను చేసేది. తరువాత నెలకోసారి అయింది. కొత్త ఉద్యోగం, కొత్త మనుషులు. టైలరమ్మ ఏమీ అనుకోలేదు. ఎదుటి బల్లకు వేరెవరో వచ్చారు.

చొక్కా మెల్లగా కదిలింది. ఫిజియోథెరపీ ఆయన తీసుకెళ్ళిన ఆరు చొక్కాలకూ ఈసారి "బాగుంది" అనే మాట రాలేదు. ఒకావిడ చేతి పట్టీ ఇంకా పొడుగుండాలంది. ఒకాయన ఎరుపు వద్దు, నీలం పెట్టమన్నాడు. ఒకాయన ఇంకో రెండు కావాలన్నాడు. ఆవిడ ప్రతి ఇంటికీ వెళ్ళి, ఒక మూల కూర్చుని, చూసి వచ్చేది. చాలా ఇళ్ళల్లో ఒక్క మనిషే ఉండేవాడు. వచ్చేటప్పుడు "మళ్ళీ రామ్మా" అనేవాళ్ళు. చొక్కా కోసమే అన్నారో, మనిషి కోసమే అన్నారో ఆవిడ తేల్చుకోలేకపోయేది. ఏడాది తిరిగేసరికి ఇద్దరు కుట్టేవాళ్ళను పెట్టుకుంది. పగలు ఫరవాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసి దీపం వేసే ఆ ఒక్క నిమిషం మాత్రం ఏమీ మారలేదు.

చలికాలం పోయాక ఒక ఉదయం డ్రైవరుకు పల్చటి గుడ్డతో కొత్త చొక్కా కుట్టి తీసుకెళ్ళింది. ఆయనింట్లో ఒక గంట కూర్చుందామని, టీ తాగుతూ పాత బస్సుల కబుర్లు విందామని ముందు రోజే అనుకుంది. దారిలో బిస్కట్లు కూడా కొన్నది.

తలుపు తట్టబోతుంటే ఆయనే తలుపు తీసుకుని బయటికొచ్చాడు. తలకు నూనె రాసి దువ్వుకున్నాడు. నీలం చొక్కా, గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. చంకలో చేతికర్ర.

"అయ్యో, ఇవాళ వచ్చావా చెల్లెమ్మా! డిపోకి వెళ్తున్నాను. మావాళ్ళు పది గంటలకు టీకి చేరతారు. రెండేళ్ళయింది మొహాలు చూసి. మొదట బనియనుతో ఎలా వెళ్ళేది? చొక్కా వచ్చాక అంతదూరం నడక అలవాటయ్యేసరికి ఇన్నాళ్ళు పట్టింది."

"మంచిదన్నయ్యా. వెళ్ళిరండి. ఈ చొక్కా లోపల పెట్టనా?"

"పెట్టు, పెట్టు. మంచం మీద పెట్టు." ఆయనకు కాలు నిలవడం లేదు. చొక్కా పెట్టి ఆవిడ బయటికి రాగానే తాళం వేసి, చెవి జేబులో పడేసుకుని, "ఆలస్యమైతే వాళ్ళు లేచిపోతారమ్మా" అంటూ కర్ర పొడుచుకుంటూ బయల్దేరాడు. వీధి మలుపు దాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

బిస్కట్ల పొట్లం ఆవిడ చేతిలోనే ఉంది. గడియారానికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది, పనివేళ కదా. బస్టాపులో ఎవరూ లేరు. తరువాతి బస్సుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఆవిడ బెంచీ మీద కూర్చుని, పొట్లం విప్పి, ఒక బిస్కట్ నోట్లో వేసుకుంది. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది.